కడుపుతో వినే మనిషి

మా పెద్ద మనవడికి బెంగళూరులో ఉద్యోగం. జీతమంతా గిటార్లకే తగలేస్తున్నాడని మా అమ్మాయి ఏడుపు. పోయిన నెల ధర్మవరం వచ్చినప్పుడు ఒక పొడుగాటి నల్లసంచి మోసుకొచ్చాడు. తెరిచి చూస్తే నాలుగే తీగలున్న గిటారు. "ఆరు తీగలవి రెండుండగా ఈ కరువు గిటారు ఎందుకురా? మిగతా రెండు తీగలు అమ్మినవాడే దాచుకున్నాడా?" అన్నాను. "ఇది బేస్ గిటారు తాతా. మూడేండ్లు వెంటపడితే ఇప్పటికి అమ్మినాడు ఆ మహానుభావుడు" అని దాన్నొక స్పీకరు డబ్బాకి తగిలించి, లావు తీగని ఒక్కసారి మీటాడు. కిటికీ చువ్వలు జుమ్మన్నాయి. నా కుర్చీ అదిరింది. ఆ అదురు కుర్చీలోంచి నా పొట్టలోకి పాకింది. నాకు నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే వాడు భయపడి వాళ్ళమ్మను కేకేశాడు.

నవ్వింది వాణ్ణి చూసి కాదు. పొట్టతో పాట వినే పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్ళకి నాలుగు తీగల దెబ్బకి లేచి వచ్చి నా ముందు కూర్చున్నాడు.

ఆయన హిందూపురం బెల్లం మండీలో దళారి. పాత హార్మోనియాలు కొనడం, అమ్మడం ఆయన పిచ్చి. హార్మోనియాన్ని మా పక్క పెట్టె అనే అంటారు కాబట్టి ఊళ్ళో అందరికీ ఆయన పెట్టెలన్న. పగలంతా రైతుకీ షావుకారుకీ మధ్య నిలబడి బెల్లం బేరాలు కుదిర్చేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర. చుట్టూ పదిమంది మెడలు సాచి చూస్తున్నా తువ్వాలు కింద ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. కుదిరాక మాట తిరగకూడదు, ఎంతకు కుదిరిందో పైకి అనకూడదు.

బెల్లం ఆయనకు కూడు పెట్టేది. ప్రాణం మాత్రం పెట్టెల మీద. అది యాభైల నాటి మాట. మా మూడూళ్ళలో, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వీధికొక నాటక సమాజం. ప్రతి సమాజానికీ ఒక కృష్ణుడు. పద్యం ఎత్తుకుని ఊపిరి వదలని ఆ కృష్ణుడి వెనక పరిగెత్తి చచ్చే హార్మోనిస్టు ఒకడు. ధర్మవరంలో ఆ చచ్చేవాణ్ణి నేను. పగలు పట్టుచీరల కొట్లో గుమాస్తాని. హార్మోనిస్టులకి ఒక జబ్బుంది. తన పెట్టె ఎంత మంచిదైనా ఎదుటివాడి పెట్టె మీదే కన్ను. ఆ జబ్బుకి మందిచ్చేది, జబ్బు పెంచేది రెండూ పెట్టెలన్నే.

మొదటిసారి ఆయనింటికి వెళ్ళినప్పుడు నాకు పాతికేళ్ళు. ముందు గదిలో సగం బెల్లం మూటలు, సగం పెట్టెలు. బెల్లం ఉన్నచోట చీమలుంటాయి కదా. అందుకని ఒక్కో పెట్టెనీ ఒక్కో పీట మీద ఎక్కించి, పీట కాళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరిచిప్పలు పెట్టేవాడు. చీమలు ఈత నేర్చుకున్నాయి. ఆయన దగ్గర కొన్న పెట్టె మీద గట్టిగా గాలి కొట్టి పద్యం ఎత్తుకుంటే రెండు చీమలు ఎగిరొచ్చి కృష్ణుడి మీద పడేవి. కృష్ణుడు స్టేజీ మీద గోక్కుంటే చాలు, పెట్టె ఎక్కడిదో మూడూళ్ళవాళ్ళకీ తెలిసిపోయేది.

నాకు నచ్చిన పెట్టె మీద చెయ్యి వేశాను. "అది వద్దప్పా" అన్నాడు.

"ఏమన్నా, బాగలేదా?"

"తిత్తి ఓటిది. వానకాలమొస్తే రెండు మెట్లు నొక్కితే కిందికి పోయి పైకి లేయవు. దాని గుణమూ మంచిది కాదు."

"పెట్టెకి గుణమేందన్నా?"

"ఉండాదప్పా. దాన్ని ముందు కొన్నోడు నాటకాలిడిసిపెట్టి పోలీసైనాడు."

తర్వాత తెలిసింది, అమ్మాల్సిన ప్రతి పెట్టెనీ ఆయన ఇలాగే తిట్టేవాడని. కొనేవాడు జడిసి వెళ్ళిపోతే ఆ పూట ఆయనకు పండగ. కొనేటప్పుడు మరీ అన్యాయం. అమ్మేవాడి ముందే పెట్టెని ముద్దులాడి, "ఇట్లాంటిది నా జన్మలో చూడలేదు" అనేవాడు. వాడు అక్కడికక్కడే ధర పెంచేవాడు. మండీలో ఆయన వేలు పట్టుకోవాలంటే షావుకార్లకి చెమటలు పట్టేవి. అలాంటి మనిషి పెట్టె కనిపిస్తే చాలు వట్టి అమాయకుడైపోయేవాడు.

అమ్మాక కూడా వదిలేవాడు కాదు. కూతుర్నిచ్చిన ఇంటికి వచ్చినట్టు రెండు నెలలకోసారి రైలెక్కి ధర్మవరం వచ్చేవాడు. నన్ను పలకరించకముందే పెట్టెని పలకరించేవాడు. "ఏమప్పా, దీని మీద నీళ్ళచెంబు పెట్టినావే! నీ నెత్తిన పెడితే ఊరుకుంటావా?" అని మా ఆవిడ ముందే నన్ను దులిపేసేవాడు. మా ఆవిడకి ఆయనంటే మహా గౌరవం.

ఇంత పిచ్చి ఉన్న మనిషికి వాయించడం రాదు. సరిగమలు కూడా రావు. ఆయన నొక్కేది ఒకటే మెట్టు, ఎడమచేతి కొసన అన్నిటికంటే కింది గొంతు పలికేది. నొక్కి, మూత మీద పది ఉలవలు చల్లి చూసేవాడు. ఉలవలు గంతులేస్తే మొహం వెలిగిపోయేది. కదలకపోతే, "ఇది పెట్టె కాదు, పీట" అని ఆ ఉలవలే నోట్లో వేసుకుని నమిలేవాడు. ఆ తర్వాత చొక్కా పైకెత్తి, పొట్టను పెట్టెకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "బేస్ అనేది చెవుల పని కాదప్పా. కడుపుతో వినాల" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చూశాను గానీ, వాయించలేక కడుపు చూపించినవాణ్ణి ఈయన్నే చూశాను.

హార్మోనియంలో పలికేవి ఇత్తడి రీడ్లు. మామూలు పెట్టెల్లో అవి రెండు వరసలే ఉంటాయి. మూడో వరస, లావాటి బేస్ రీడ్ల వరస, నూటికొక పెట్టెలో ఉంటే గొప్ప. అలాంటిదొకటి పెనుకొండలో ఉంది. కాలితో తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద పెట్టె. ఒక ఉపదేశిగారిది. క్రైస్తవుల గుడిలో నలభై ఏళ్ళు వాక్యం చెప్పి, పిల్లలకు పాటలు నేర్పి, పని మానుకున్న పెద్దాయన. మోకాళ్ళు పోయి తొక్కలేకపోతున్నాడు. అయినా అమ్మడు. "వాయించలేని చేతికి ఇయ్యను. వ్యాపారస్తులకి అసలే ఇయ్యను" అని కూర్చున్నాడు. మా పెట్టెలన్న ఆరేళ్ళపాటు ఆయన ఇంటికి తిరిగాడు. వెళ్ళిన ప్రతిసారీ కాఫీ ఇచ్చేవారు. పెట్టె ఇచ్చేవారు కాదు.

ఒకరోజు నాకు అన్న కార్డు వచ్చింది. 'ఆదివారం మధ్యాన్నం పెనుకొండ టేషనుకు రా. తెల్లచొక్కా వేసుకో.' అంతే. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు తెల్లచొక్కా వేసుకుని ప్యాసింజరు దిగాను. ఆయన హిందూపురం నుంచి వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు వాయించాల. కొనేది నువ్వే అని చెప్పాల. బేరం మాత్రం మా అన్నతో అను. పెట్టె నాకు" అన్నాడు.

"అబద్ధం కదన్నా? అదీ దేవుని మనిషి దగ్గర?"

ఆయన నా పెదాల వంకే చూస్తున్నాడు. చాలాకాలంగా అలాగే చూస్తున్నాడని, నా నోట్లో పన్నేమైనా పోయిందేమోనని నాకు అనుమానంగానే ఉంది.

"అబద్ధమే. ఏం చేసేదప్పా? నాకు చెవులు పోతాండాయి. పై గొంతులు ముందుగా పోయినాయి. గువ్వల కూత లేదు, చిన్నపిల్లోళ్ళ మాట లేదు. మీ వదిన తిట్లు రెండేండ్లుగా వినపడవు. ఊర్లో అందరూ నన్ను శాంతమూర్తి అంటాండారు."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక, "డాక్టరుకి చూపించినావా? ఏమన్నాడు?" అని అరిచాను.

"ఏందో అన్న్యాడు. వినపడల్యా."

బల్ల మీద ఉన్న ఇంకో ఇద్దరు కూడా మా వైపు తిరిగారు. ఆయనకదేం పట్టలేదు. "తువ్వాలు కింద బేరం కాబట్టి బతికిపోతాండా. నోటి బేరమైతే ఎప్పుడో ఇంట్లో కూచోనుందును. చెవిటోని ముందర శంఖం ఊదినట్ల అంటారే, శంఖమైతే నాకు వినపడదు. బేసు వినపడతాది. లోకంలో నాకు మిగిలిన గొంతు అదొకటే. అదీ పోకముందే ఆ పెట్టె నా ఇంట్లో ఉండాలప్పా" అన్నాడు. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచి ముందు నడిచాడు.

ఉపదేశిగారి ఇల్లు చిన్నది. ముందు గదిలో ఆ పెట్టె ఒక్కటే పెద్దది. నేను కూర్చుని తొక్కాను. బేస్ వరస తెరిచే గుండ్రటి పిడి లాగి ఎడమచేయి వేశాను. ఏం చెప్పమంటారు? కాళ్ళ కింద బండలు పలికాయి. నాకు తెలిసిన పద్యాలన్నీ ఒకదాని వెనక ఒకటి వాయించేశాను. మా అన్న పెట్టె వెనక చేరి పొట్ట ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకోవడం చూసి కూడా నాకు దుర్బుద్ధి పుట్టింది. ఇది ఈయనకెందుకు? ఒక్క మెట్టు నొక్కడానికి ఇంత పెట్టా? ఇది నాది. ధర్మవరం స్టేజీ మీద ఇది పెడితే హిందూపురం హార్మోనిస్టులు రైలు కింద పడాలి. ఇలా ఉంది నా బుద్ధి ఆ మధ్యాహ్నం.

"చెయ్యి బాగుంది నాయనా. మరి బేరం ఎవరితో?" అన్నారు ఉపదేశిగారు.

"మా అన్నతో మాట్లాడండయ్యా" అన్నాను, చెప్పమన్నట్టే.

మా అన్న అలవాటు కొద్దీ తువ్వాలు చేతి మీద వేసి ముందుకి చాచాడు. ఉపదేశిగారు జన్మలో మండీ ముఖం చూసినవారు కాదు. ఇదేదో మర్యాద కాబోలు అనుకుని ఆయనా చెయ్యి అందించారు. మా అన్న మూడు వేళ్ళు నొక్కాడు. ఉపదేశిగారి కనుబొమలు పైకి లేచాయి. ఆయన తిరిగి ఏదో నొక్కారు. ఈసారి మా అన్న కనుబొమలు లేచాయి. తువ్వాలు ఎగిరెగిరి పడుతోంది. బెల్లం బేరాల్లో ఇంత కదలిక నేనెప్పుడూ చూడలేదు. మా అన్న నుదుటి మీద చెమట. నా వైపు వంగి, రహస్యం అనుకుని వీధి వినేటట్టు అన్నాడు: "ఏం మనిషప్పా ఈయప్ప! ఒక తూరి పెట్టెకి నా ఇల్లు అడుగుతాడు, ఇంకో తూరి నేను చెప్పినదానికంటే తక్కువకు దిగుతాడు!"

ఉపదేశిగారు తువ్వాలు తీసేశారు. కళ్ళనిండా నీళ్ళు. "వాయించడం వచ్చి కూడా ఇన్నేండ్లు ఎందుకు దాచినావు నాయనా?" అన్నారు.

ఆయన పిల్లలకు పెట్టె నేర్పే పద్ధతి అదేనట. పాట పాడుతూ, ఏ వేలు ఎప్పుడు పడాలో ఆ వేలు పట్టుకుని నొక్కడం. నలభై ఏళ్ళు ఎందరు పిల్లల వేళ్ళు నొక్కారో. మా అన్న ధర నొక్కితే ఈయనకి ఆరాధనలో పాడే ఒక కీర్తన మొదటి చరణం వినిపించింది. రెండో చరణం ఈయన నొక్కారు. మూడోది మా అన్న నొక్కాడు. "తప్పులున్నాయి గానీ పాట తెలుస్తాంది" అని నాతో అన్నారు. "నువ్వు వయసులో ఉండావు, నీకింకోటి దొరుకుతుంది. ఈ పెట్టె మీ అన్నకే ఇస్తా."

నేను నోరు మూసుకుంటే అంతా సుఖంగా అయిపోయేది. నోరు మూసుకోలేదు. "ఈయనకి వాయించేది రాదయ్యా. ఒక్క పాట కూడా రాదు. ఆ నొక్కింది ధర" అన్నాను. నిజం చెప్పాలన్న పట్టుదల కాదది. పచ్చి ఆశ. ఇప్పుడు తలుచుకున్నా నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా అన్న నా పెదాలు చూశాడు. అర్థమైంది. ఉపదేశిగారి వైపు తిరిగి చేతులు కట్టుకుని, "నిజమే సామీ. పాట రాదు. ఒకటే మెట్టు నొక్కుతా" అన్నాడు. పెట్టె దగ్గరికి పోయి, కాలితో తొక్కి, ఎడమ కొసన ఉన్న మెట్టు నొక్కి, పొట్ట ఆనించాడు. "చెవులు పోతాండాయి సామీ. ఇదొక్కటి వినపడతాది. అందుకే ఆశపడినా."

ఉపదేశిగారు పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించారు. ఆ మెట్టు మోగుతూనే ఉంది. చివరికి ఆయన నాతో అన్నారు, నాతోనే. "మా గుడికి వచ్చేవాళ్ళలో సగం మందికి పాట రాదు నాయనా. రాదని ఎవరినీ వెళ్ళిపొమ్మనలేదు." తువ్వాలు తానే తీసి తన చేతి మీద వేసుకుని మా అన్న ముందు చాచారు. ఈసారి ఏ ధర నొక్కారో, ఏ చరణం నొక్కారో ఇప్పటికీ నాకు తెలియదు.

పెట్టెని ఎద్దులబండి మీద స్టేషనుకు తెచ్చాం. సిగ్గుతో నేను తల ఎత్తలేదు. ఆయనే భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పకుంటే అది దొంగపెట్టె అయిపోతుండె కదప్పా. ఆశతో చెప్పినా మేలే చేసినావు" అని, వెంటనే, "అయినా నువ్వు శానా చెడ్డోనివి. నీకింక పెట్టెలమ్మను" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ పెట్టె వచ్చాక హిందూపురంలో ఆయన అరుగు తీర్థమైంది. మూడూళ్ళ హార్మోనిస్టులూ ఏదో పని పెట్టుకుని వచ్చి చూసి, నిట్టూర్చి, ధర అడిగేవారు. అంతకుముందు ఓటి తిత్తి అని తిట్టే మనిషి దీన్ని ఒక్క మాట అనలేదు. ఎవరేమడిగినా చెవి మీద చెయ్యి పెట్టి, "ఆఁ? వినపడల్యా" అనేవాడు. నిజంగానే వినపడలేదో, నటించేవాడో ఎవరికీ తెలియదు.

నా ఆశ మాత్రం చావలేదు. సిగ్గుండాలి కదా, లేదు. ఆయన దగ్గర పప్పులుడకవని వదినమ్మ వైపు నుంచి నరుక్కొచ్చాను. పెట్టెలంటే ఆమెకి మొదటినుంచీ ఒళ్ళుమంట. కొట్లో కొత్తగా వచ్చిన నెమలికంఠం రంగు పట్టుచీర సంచిలో పెట్టుకుని, ఆయన వీధి అరుగు మీద కూర్చున్న సమయం చూసి దొడ్డిదారిన వెళ్ళాను. చీర మడత విప్పి ఆమె ముందు పరిచాను.

"చీరె బాగుండాది" అంది, చేత్తో రాసి చూసి. "ఏమిటికి తెచ్చినావు?"

"ఆ పెద్దపెట్టె నాకిప్పియ్యి వదినా. నీ ఇంట్లో జాగా కూడా ఖాళీ అవుతాది."

ఆమె చీర మళ్ళీ అదే మడతల్లో పెట్టి నా సంచిలో దూర్చింది. "ఇది నీ పెండ్లానికి కట్టు. పెట్టె అమ్మము."

"నువ్వేనా ఈ మాట అంటాండేది? పెట్టెలతోనే అన్నం వండించుకోమని అరుస్తాంటివే!"

"అరుస్తాంటి. యాడ వినపడె ఆయనకి? గొంతు పోయిందాకా అరిచినా పలకడు. ఎదురుగా పోయి చెయ్యి పట్టుకొని లాక్కొని రావాల. ముప్పై ఏండ్లు కాపురం చేసి, అన్నానికి రమ్మని పిల్చేకి లేకపాయె." ఆమె పెట్టె ముందు కూర్చుంది. కొంగు దోపుకుని, కాలితో నాలుగుసార్లు తొక్కి, ఎడమ కొసన ఉన్న మెట్టు నొక్కి పట్టుకుంది. బండలు అదిరాయి. వీధి అరుగు మీద మాకు వీపు పెట్టి కూర్చున్న ఆయన చటాలున లేచాడు. తువ్వాలు దులుపుకుని, "వస్తాండా, వస్తాండా" అంటూ లోపలికి వచ్చాడు. ఆమె మొహం చూసి తీరాలి. కొత్త పెళ్ళికూతురు కూడా అంత మురిసిపోదు. నన్ను చూసి ఆయన, "దొడ్డిదారిన వచ్చినావా దొంగోడా? రా, అన్నం తిను" అన్నాడు. ఆ రోజుతో నేను ఆ పెట్టె మీద ఆశ వదిలేసుకున్నాను. నిజంగానే వదిలేసుకున్నాను.

అరవైల చివర్లో, ఒక వేసవి రోజు, హిందూపురం నుంచి మా ఊరికి బెల్లం తెచ్చే లారీవాడు పెట్టెలన్న పోయాడని కబురు చెప్పాడు. మధ్యాహ్నం బండికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మండీ వాళ్ళంతా వచ్చి వెళ్ళినట్టున్నారు, అరుగు నిండా చెప్పుల మట్టి. వదినమ్మ పెద్దపెట్టెకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆమే చెప్పింది.

"పొద్దున సంగటి చేసి నొక్కినా అప్పా. అరుగు మీద గోడకి ఆనుకొని కూచోనుండాడు, ఈపు ఇటే. రాల్యా. ఇంకా గట్టిగా తొక్కి నొక్కినా. రాల్యా. మూడో తూరీ నొక్కినా." కొంగుతో పెట్టె మూత మీద దుమ్ము తుడిచింది. "పెట్టె చెడిపాయనేమో అనుకుంటినప్పా. నీకు జాబు రాయించి, వచ్చి బాగుచేయమందామని అనుకుంటి."